విప్పకుండా వదిలిన జడ

ప్రశ్న అడిగినవాడికి పని చెప్పడం కామాక్షయ్యగారి అలవాటు. జవాబు తెలియక కాదు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా ఉన్నంత కాలం జవాబులు చెప్పీ చెప్పీ విసిగిపోయానని, ఇక ఎవరి జవాబు వాళ్ళే వెతుక్కోవాలని ఆయన అనేవారు. ఒకాయన వచ్చి, మనసు ఒక చోట నిలవాలంటే ఏం చేయాలండీ అని అడిగితే, వరండాలో చెల్లాచెదురుగా పడున్న చెప్పుల్ని జతకు జత చేర్చి పెట్టమన్నారు. నేనూ ఒకసారి ఊరుకోలేక, మనిషికి తృప్తి ఎప్పుడొస్తుందని అడిగాను. వంటింట్లో బుట్టెడు చింతపండు ఉంది, గింజలు తీసిపెట్టవయ్యా అన్నారు. పొద్దుగూకేదాకా కూర్చుని తీశాను. తృప్తి సంగతి నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ చింతపండుతో చేసిన పులిహోర మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. అప్పట్నుంచి ఆయన దగ్గర నోరు విప్పే ముందు మా నడుము సంగతి ఒకసారి ఆలోచించుకునేవాళ్ళం.

ఆయన నడిపే బడిని మా ఊళ్ళో ముదిబడి అంటారు. అసలు పేరు వేరే ఉంది, దానికో బోర్డు కూడా ఉంది, దాన్ని ఎవరూ చదవరు. మాది నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. పేరు చెబితే ఊరివాళ్ళు నా మీదికి తగాదాకొస్తారు కాబట్టి చెప్పను. మూతబడిన వడ్ల మిల్లు మీద ఒక పొడుగాటి హాలుంది, అదే బడి. అరవై దాటితేనే లోపలికి రానిస్తారు. ఒక మూల హార్మోనియం, ఒక మూల చదరంగం, కిటికీ పక్కన సెల్‌ఫోన్లు ముందేసుకుని కళ్ళజోళ్ళు సవరించుకునే జట్టు. ఒక ముసలావిడ ఉర్దూ అక్షరాలు దిద్దుకుంటూ ఉండేది. ఈ వయసులో ఎందుకు తల్లీ అని అడిగితే, యాభై ఏళ్ళుగా ఎదురింటి గోడ మీద ఏదో రాసి ఉంది, అదేమిటో తెలుసుకోకుండా పోతానా అంది. ఊళ్ళో కుర్రకారు మమ్మల్ని చూసి, కాటికి కాళ్ళు చాచుకున్నవాళ్ళు పలక పట్టారని నవ్వుకునేవారు. నవ్వనీ, వాళ్ళకీ అరవై రాకపోతుందా!

నా పేరు చెంచురామయ్య. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్ళు చేశాను, అందుకని నోరు కాస్త పెద్దది, ఓపిక కాస్త తక్కువ. సంస్కృతం నేర్చుకుందామని ముదిబడిలో చేరి, శబ్దాల దగ్గర బోర్లాపడి, అక్కడి నుంచి కోలాటంలోకి జారాను. అదీ మామూలు కోలాటం కాదు, జడ కోలాటం. పైన దూలానికి ఒక ఇనుప కడియం కట్టి, దాని నుంచి నాలుగు రంగుల తాళ్ళు, రంగుకు రెండేసి, వేలాడదీస్తారు. ఎనిమిది మందిమి తలా ఒక తాడు ఒక చేత్తో, కోల ఒక చేత్తో పట్టుకుంటాం. సగం మంది కుడికి, సగం మంది ఎడమకి తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపల నుంచి, ఒకసారి బయట నుంచి దాటుకుంటూ పోతాం. అలా పోతూ ఉంటే తలల మీద తాళ్ళు జడలా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ వస్తే జడ విడిపోయి, ఎవరి తాడు వాళ్ళ చేతికి నిండుగా వచ్చేస్తుంది. అడుగుల వరసను కోపు అంటారు, జతగా ఆడే మనిషిని ఉద్ది అంటారు. కోపు తప్పితే ఉద్ది ఊరుకోదు. ముఖ్యంగా మా జట్టులో మస్తానమ్మ లాంటి ఉద్ది అయితే చేతిలో కోల ఉందని కూడా మర్చిపోకూడదు.

మాకు కోలాటం నేర్పేది హైమావతి. ముప్పై ఐదేళ్ళుంటాయి, తెనాలి వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల, చిన్నప్పుడు నాట్యం నేర్చుకుంది. పద్యం చదవడం నేర్పమని కామాక్షయ్యగారి దగ్గరికి వచ్చింది. నేర్పుతాను గానీ, బదులుగా నువ్వు ఈ ముసలివాళ్ళకు అడుగులు నేర్పాలి అన్నారాయన. ఆ పిల్ల పనిలో పొల్లు పోనివ్వదు. మా మోకాళ్ళు ఎక్కడ వంగుతాయో, ఎక్కడ వంగవో మాకన్నా తనకే బాగా తెలుసు. మాలో ఎవరైనా ఒక రోజు రాకపోతే సాయంత్రం ఇంటికొచ్చి పలకరించి వెళ్ళేది. అంత మంచి పిల్లకే పెంచలమ్మతో కష్టం వచ్చిపడింది.

పెంచలమ్మక్కకు డెబ్భై నాలుగు. ఉమ్మడి కుటుంబంలో నాలుగు పొయ్యిల మీద వండి పెట్టిన మనిషి. మరుపు వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడంతో మొదలై, ఆఖరికి వీధి చివర నిలబడి ఇంటికి దారి అడిగేదాకా వచ్చింది. నలుగురిలో తిరగనివ్వమని డాక్టరు చెబితే కొడుకు తెచ్చి మా దగ్గర దింపాడు. కోలాటంలో నిలబడిన మొదటి రోజే ఆమె మొహం వెలిగిపోయింది. కానీ పొద్దున నేర్పిన కోపు రాత్రికి ఉండదు. రోజూ మెట్లెక్కి వచ్చి, "నా తాడు ఏది తల్లీ?" అని అడుగుతుంది. ఆకుపచ్చది పెద్దమ్మా అని హైమావతి చూపిస్తుంది. గుర్తుకోసం మణికట్టుకు ఆకుపచ్చ గుడ్డపేలిక కట్టి చూసింది. మర్నాడు ఆ పేలిక ఎందుకు కట్టారో చెప్పమని అందరినీ అడిగింది ఆమె. లోపల నుంచి దాటాల్సిన చోట బయట నుంచి దాటేది. తాడు బిగిసేది, ఆట ఆగేది. అందరం ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు పోయేవాళ్ళం. మస్తానమ్మ ఆమెకు ఉద్ది. నోరు తిరగలి లాంటిదే గానీ, పెంచలమ్మను మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు, ఫరవాలేదక్కా, వెనక్కి రా అని భుజం మీద చిన్నగా తట్టి దారి చూపించేది.

తను మర్చిపోతున్న సంగతి పెంచలమ్మక్కకు తెలియదనుకోకండి. తెలుసు. ఒకరోజు హైమావతి, అలసిపోతే కూర్చో పెద్దమ్మా అంటే ఆమె గబుక్కున చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో అందరూ నన్ను కూర్చోబెడతారు తల్లీ. ఇక్కడే నిలబెడతారు. నన్ను నిలబడనీ" అంది. ఆ మాట విన్నాక హైమావతి ఆమెను మళ్ళీ కూర్చోమనలేదు.

ఇంతలో దసరా వచ్చింది. ఆ ఏడు అమ్మవారి పందిట్లో ముదిబడి వాళ్ళు జడ కోలాటం ఆడాలని ఊరి పెద్దలు కబురు పెట్టారు. మాకు సంబరం, ఊరికి వినోదం. ముసలోళ్ళకి దసరా పండగ అని బజారంతా ఒకటే ఎకసెక్కం. హైమావతికి మాత్రం నిద్ర పట్టలేదు. తను నవ్వులపాలైనా ఫరవాలేదు గానీ, అంతమంది ఎదుట తాళ్ళు చిక్కుపడి పెంచలమ్మ బిక్కచచ్చిపోయి నిలబడితే చూడలేనని నాతో అంది. ఆమెను తప్పించాలి. తప్పిస్తే ఆమెకు ఇక నిలబడే చోటు లేదు. ఆ మాట చెప్పాల్సింది తనే. రెండు మూడు రోజులు ఇలా కొట్టుమిట్టాడి, చివరకు గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

మధ్యాహ్నం వేళ. ఆయన వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నారు, వొలిచినవి నేను తింటున్నాను. హైమావతి వచ్చి కింద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గురువుగారూ, పొద్దున నేర్పింది రాత్రికి మర్చిపోయే మనిషికి నేర్పడం ఎందుకు? అది ఆమె కోసమా, మన తృప్తి కోసమా?"

నాకు గింజ గొంతులో అడ్డం పడింది. నాలో నేను చాలాసార్లు అనుకున్న మాటే అది, పైకి అనే ధైర్యం లేక మింగేసిన మాట. కామాక్షయ్యగారు చేతిలో కాయను అటూ ఇటూ తిప్పి చూశారు. రేపు ఆట ఎన్నింటికని అడిగారు. తొమ్మిదింటికని హైమావతి చెప్పింది. రేపు పెంచలమ్మను బల్ల మీద కూర్చోబెట్టమని, ఆమె తాడు హైమావతినే పట్టుకుని ఆడమని చెప్పారు. జడ చక్కగా కుదిరితే విప్పవద్దని, అలాగే ఉంచాలని, తాను వచ్చి తీరిగ్గా చూస్తానని అన్నారు. అంతే. మళ్ళీ వేరుశనక్కాయల్లో పడ్డారు. ప్రశ్నకు పని దొరికింది, హైమావతి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పెంచలమ్మక్క వచ్చి తాడు అడిగింది. ఈ రోజు మా ఆట ఎలా ఉందో చూసి చెప్పు పెద్దమ్మా అని హైమావతి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టింది. ఆమె కూర్చుని, నేనేమైనా తప్పు చేశానా తల్లీ అని అడిగింది. లేదు లేదు అని చెప్పి హైమావతి మొహం పక్కకు తిప్పుకుంది. నేను బల్ల వైపు చూడకుండా తాడు అందుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆట పరుగులాంటి నడకతో సాగిపోయింది. ఎక్కడా ఆగింది లేదు, వెనక్కి అడుగు వేసింది లేదు. ఎవరి మొహం ఎవరూ చూడాల్సిన పని పడలేదు, ఎవరి కోపు వాళ్ళం వేసుకుంటూ పోయాం. ఆట ఆపి తలెత్తి చూస్తే, పెళ్ళికూతురి జడకు కూడా అంత నునుపు ఉండదు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్క పోగు కూడా ఎగుడుదిగుడు లేదు. మాకంటే ముందు పెంచలమ్మక్కే చప్పట్లు కొట్టింది. ఎంత బాగుందమ్మా, ఎవరల్లారు దీన్ని అని అడిగింది.

ఇక విప్పకుండా ఉంచడం దగ్గర మస్తానమ్మ అడ్డం తిరిగింది. అల్లిన జడను విప్పకుండా గడప దాటకూడదని వాళ్ళ అమ్మ చెప్పిందట, వాళ్ళ అమ్మకు వాళ్ళ అవ్వ చెప్పిందట. ఎందుకు దాటకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదట. గురువుగారే ఉంచమన్నారని హైమావతి నచ్చజెప్పింది. నేను కూడా మధ్యలో దూరి, ఇదంతా పాతకాలపు పట్టింపు అని తేల్చేశాను. జడ కొస విడిపోకుండా ఒక గుడ్డపేలికతో కట్టి, ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. సాయంత్రం కామాక్షయ్యగారు వచ్చి చూసి, చాలా బాగుంది అన్నారట. ఆయన అంతకుమించి ఏమీ అనలేదని, ఒక్క వంకా పెట్టలేదని తెలిసి మేమంతా పొంగిపోయాం.

ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే జడ అలాగే వేలాడుతోంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, ఆడటానికి తాడేది? తాడంతా జడలోకి పోయింది, కొసకు మూరెడేసి ముక్కలు మిగిలాయి. పండగ ఎల్లుండి. విప్పాలి, విప్పి మళ్ళీ ఆడాలి. అప్పుడు తెలిసింది మాకు మేం చేసిన పని. విప్పడమంటే ఎవరు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి వెనక్కి రావడం. నిన్న ఆగిన చోట ఎవరు ఎటు తిరిగి ఉన్నారు? ఆఖరి దాటు లోపల నుంచా, బయట నుంచా? రోజూ అల్లిన వెంటనే విప్పేవాళ్ళం కాబట్టి ఆ సంగతి కాళ్ళకే తెలిసేది, మా బుర్రల దాకా ఎప్పుడూ వచ్చింది లేదు. ఒక రాత్రి గడిచేసరికి కాళ్ళు మర్చిపోయాయి.

చేత్తో విడదీసేయొచ్చు కదా అంటారేమో. నేనూ అదే అన్నాను. కామాక్షయ్యగారు అప్పటికే వచ్చి గోడ వారన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాళ్ళతో అల్లింది కాళ్ళతోనే విప్పాలన్నారు. కోలాటంలో అది పాత కట్టడి, ఆయన తెచ్చిపెట్టింది కాదు. ఇక మొదలైంది రామరావణ యుద్ధం. బస్సులో ఎక్కిన ప్రతి మనిషి ఎక్కడ దిగాలో గుర్తుపెట్టుకున్న బుర్ర నాది, నాకు తెలీదా, నేను కిటికీ వైపు ఉన్నాను అన్నాను. నీ మొహం, నువ్వు గుమ్మం వైపు ఉన్నావు, నీ వీపు నాకు కనిపిస్తూనే ఉంది అని మస్తానమ్మ అంది. ఒకరు ఈ ఎర్ర తాడు నాదంటే ఇంకొకరు కాదు నాదన్నారు. తలా ఒక మాట, తలా ఒక దిక్కు. సరేనని నా మాట ప్రకారం ఒక అడుగు వేశాం, జడ ఇంకా బిగిసింది. మస్తానమ్మ మాట ప్రకారం వేశాం, మరింత బిగిసింది. హైమావతి సుద్దముక్క తెచ్చి నేల మీద గుండ్రంగా గీసి లెక్క కట్టబోయింది. కానీ నిన్న తనూ ఆటలోనే ఉంది, బయట నుంచి చూసిన మనిషి కాదు. ఎంత గీసినా తేలలేదు.

ఆ తర్వాత ఎవరూ అడుగు వేయలేదు. అదీ అసలు విచిత్రం. తప్పు అడుగు వేసి నలుగురిలో చులకన కావడం ఎవరికీ ఇష్టం లేదు. నువ్వు ముందు కదులు అంటే నువ్వు ముందు కదులు అనుకుంటూ, చేతుల్లో మూరెడు తాడు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డాం. వయసు మీద పడ్డాక ఒంట్లో అన్నీ సడలుతాయి గానీ పంతం మాత్రం బిగుస్తుంది. పళ్ళూడిన నోళ్ళన్నీ మూతబడ్డాయి. హైమావతికి ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడు పెంచలమ్మక్క మెట్లెక్కి వచ్చింది. ఆమెకు నిన్నటి సంగతీ తెలియదు, ఇవాళ్టి గొడవా తెలియదు. నవ్వు మొహంతో వచ్చి, రోజూ అడిగేదే అడిగింది, నా తాడు ఏది తల్లీ అని. హైమావతి కళ్ళు తుడుచుకుని, తెలియదు పెద్దమ్మా, ఇవాళ ఎవరి తాడు ఏదో ఎవరికీ తెలియదు అంది. పెంచలమ్మక్క మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం, ఆ వెనకే సంతోషం. దాచుకోలేని సంతోషం.

"మీకూ తెలియదా? అయితే ఏముంది, ఏదో ఒకటి పట్టుకుందాం. తప్పు పోతే వెనక్కొద్దాం. నేను రోజూ వస్తూనే ఉన్నా కదా."

అని హైమావతి చేతిలోని తాడు అందుకుంది. అది ఆకుపచ్చదో, మరొకటో ఆమె చూడలేదు. ఎదుట నిలబడ్డ నా మొహంలోకి చూసింది. మెల్లగా ఒక అడుగు లోపలికి వేసింది. తాడు బిగిసింది. ఏమాత్రం చిన్నబోకుండా అడుగు వెనక్కి తీసుకుని, ఈసారి బయట నుంచి వచ్చింది. తాడు వదులైంది. అబ్బ, ఇటే అంది. నేను కదిలాను, నాది బిగిసింది. సిగ్గేసింది నాకు. ఫరవాలేదు నాయనా, వెనక్కి రా అంది ఆమె, రోజూ మస్తానమ్మ తనతో అనే మాటే. నేను వెనక్కి వచ్చి, మళ్ళీ పోయాను. తర్వాత మస్తానమ్మ కదిలింది, తప్పింది, పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. ఇక ఒకరి తర్వాత ఒకరం. ఎవరి తాడు బిగిస్తే వాళ్ళు ఆగడం, పక్కవాళ్ళు కాస్త వదలడం, అందరం కలిసి ఒక అడుగు వెనక్కి. హైమావతి తాళాలు పుచ్చుకుని పక్కన నిలబడింది గానీ వాయించడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు, అలా పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వెతుక్కున్నాం. మొత్తానికి ఆఖరి మెలిక విడిపోయి తాళ్ళన్నీ నిలువుగా వేలాడాయి. చెమటలు కారుతున్నాయి, మోకాళ్ళు నొప్పులు, అయినా చిన్నపిల్లల్లా ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని గెంతాం. ఎందుకు గెంతుతున్నామో తెలియకపోయినా పెంచలమ్మక్క కూడా మాతో గెంతింది.

దసరాకు ఆమెను తప్పించే మాట ఇక ఎవరూ ఎత్తలేదు. హైమావతి ఆ మధ్యాహ్నం మాకు కొత్త కోపు ఒకటి కట్టింది. ఎవరైనా తప్పితే అందరూ తాళం తప్పకుండా కలిసి ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకు రావడం. ఇన్నాళ్ళూ పెంచలమ్మ కోసం మేం విసుక్కుంటూ చేసిన పనే అది, ఇప్పుడు దానికి ఒక లయ వచ్చింది.

పండగ సాయంత్రం పందిరి కిక్కిరిసింది. ఎకసెక్కాలాడినవాళ్ళంతా ముందు వరసలో ఉన్నారు. మేం కొత్త పంచెలూ, పట్టుచీరలూ కట్టుకుని, గుండెలు దడదడలాడుతూ తాళ్ళు అందుకున్నాం. సగం జడ అల్లేసరికి పెంచలమ్మక్క బయట నుంచి రావాల్సింది లోపలికి వెళ్ళింది. హైమావతి తాళం ఒక్కసారి గట్టిగా మోగింది. ఎనిమిది మందిమి ఒక్కసారే వెనక్కి అడుగేసి, మళ్ళీ ముందుకు వచ్చాం. ఇదేదో కొత్త వరస అనుకుని జనం ఈలలు వేశారు. ఆ తర్వాత నేను తప్పాను, మళ్ళీ అంతే. జడ అల్లాం, విప్పాం. తాళ్ళు నిలువుగా వేలాడగానే పందిరి దద్దరిల్లింది. పెంచలమ్మక్క కొడుకు జనంలో నిలబడి గుడ్లనీళ్ళు కుక్కుకుంటున్నాడు. ఆమె ఆ చప్పట్ల మధ్య నిలబడి, ఇంత సంతోషం తనకు పెళ్ళినాడు కూడా లేదని మస్తానమ్మ చెవిలో చెప్పిందట.

మర్నాడు బడికి సెలవు కాదు. కామాక్షయ్యగారికి సెలవులంటే గిట్టదు. నేను ముందుగా వచ్చి తాళ్ళు కడుతున్నాను, ఆయన ఎప్పటిలాగే కుర్చీలో ఉన్నారు. హైమావతి మిఠాయి పొట్లం తెచ్చింది. అందరికన్నా ముందు పెంచలమ్మక్క నోట్లో పెట్టాలని మెట్ల దగ్గరే నిలబడింది. ఆమె వచ్చింది, మిఠాయి తింది, బాగుంది అంది. ఎందుకు తల్లీ ఈ మిఠాయి అని అడిగింది. నిన్న మనం పందిట్లో ఆడాం కదా పెద్దమ్మా అని హైమావతి అంటే, ఆమె మర్యాదకు తలూపి, కాసేపటికి హాలంతా చూసి అడిగింది.

"దసరా ఎప్పుడు తల్లీ? మనం ఆడాలంటున్నారు కదా."

హైమావతి మొహం నల్లబడిపోయింది. ఆమెను మస్తానమ్మకు అప్పజెప్పి నేరుగా గురువుగారి దగ్గరికి వచ్చింది. కింద కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. గొంతులో దుఃఖం, కోపం కూడా. ఆ చప్పట్లు, ఆ సంతోషం, ఒక్క రాత్రిలో అంతా తుడుచుకుపోయిందని, ఆమెకు ఏమీ మిగల్లేదని, తను అడిగిన ప్రశ్న అడిగిన చోటే ఉందని అంది. నేను తాడు ముడి వేస్తూ వేస్తూ ఆగిపోయాను. ఈసారి ఆయన ఏ పని చెబుతారా అని చూశాను.

అవతల మస్తానమ్మ, ఇవాళ నా తాడు నేనూ మర్చిపోయానక్కా, రా వెతుక్కుందాం అంటోంది. కావాలనే అంటోందని మాకు తెలుసు. చదరంగం దగ్గరి ముసలాయన ఒకడు, ఇన్నాళ్ళూ కోలాటం నాకు రాదు అని దూరంగా కూర్చున్నవాడు, లేచి వచ్చి, తప్పు పోతే వెనక్కి రావచ్చంటగా, నాకూ చూపించండి అని అడుగుతున్నాడు. కామాక్షయ్యగారు అటు చూశారు. తర్వాత హైమావతి వైపు తిరిగారు.

"ఆమె నేర్చుకున్నది పోయిందమ్మా, నిజమే. ఆమె నేర్పింది ఉందా, పోయిందా?"